కోత తప్పిన స్పీకరు పెట్టె

టేప్ రికార్డర్లు ఇంటింటికీ వచ్చిన కొత్తలో మా వీధిలో ఒక కుండ పాడుతూ ఉండేది. నిజంగా మట్టికుండే. దాని మూతిమీద స్పీకరుని పైకి చూసేలా కూర్చోబెట్టి, చుట్టూ ఉన్న సందుల్లో గుడ్డపీలికలు కుక్కి, పక్కన చిన్న బెజ్జం పెట్టి వైరు లాగారు. చేత్తో పట్టుకుంటే కీచుమనే ఆ స్పీకరే కుండమీద కూర్చోగానే డోలు దెబ్బని డోలు దెబ్బలా వినిపించేది. పిల్లలం అందరం ఆ ఇంటి అరుగుమీద చేరి వినేవాళ్లం.

ఎందుకలా అవుతుందో చాలా ఏళ్ల తరవాత తెలిసింది. స్పీకరు కాగితం ముందుకి తోసినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది. అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. ఈ రెండూ అంచు చుట్టూ తిరిగొచ్చి కలుసుకుంటే ఒకదాన్ని ఒకటి మింగేస్తాయి. సన్నని స్వరాలకి అంత నష్టం లేదు గాని, బరువైన స్వరాలు చాలావరకు అక్కడే పోతాయి. 50 హెర్ట్జుల స్వరానికి అల పొడవు దాదాపు 7 మీటర్లు. అంత పెద్ద అలకి ఎనిమిది అంగుళాల స్పీకరు అంచు చుట్టి రావడం ఎంత పని? ఆ వెనక గాలిని ముందుకి రానివ్వకుండా లోపలే బంధించడం, కుండ చేసింది అంతే.

ఇవాళ నేను మాట్లాడబోయేది చెక్క పెట్టె గురించి. ఇంట్లో సొంతంగా చేసుకునే స్పీకరు పెట్టె, అందులోనూ కోత తప్పిన పెట్టె గురించి. సారె మీద తిరిగే కుండ గుండ్రంగానే వస్తుంది. చెక్కతో అలా కాదు. ఆరు పలకలు, పన్నెండు అంచులు, రెండో మూడో గుండ్రటి కన్నాలు. ఎక్కడో ఒకచోట రంపం గీత దాటుతుంది. దాటగానే చాలామందికి మనసు విరిగిపోతుంది. పలకలన్నీ గోనెసంచిలో కట్టి అటకెక్కిస్తారు. అలా అటకెక్కిన పెట్టెలు నేను ఎన్నో ఇళ్లలో చూశాను. దింపి చూస్తే వాటిలో చాలావరకు బాగుచేయదగ్గవే.

నా మొదటి జత పెట్టెలూ అలా అటకెక్కవలసినవే. అప్పుడు కాలేజీలో చదువుతున్నాను. హైదరాబాద్ వెళ్లి కోఠిలో గుజరాతీ గల్లీలో ఎనిమిది అంగుళాల స్పీకర్లు రెండు కొనుక్కొచ్చాను. మా ఊళ్లో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకున్నాను. ముందు పలక మీద స్పీకరుని బోర్లించి, అంచు వెంబడి పెన్సిలు తిప్పి, ఆ గీత మీదే కోసేశాను. గుండ్రటి ముక్క చక్కగా ఊడివచ్చింది. స్పీకరు తీసి పెట్టబోతే నిలవలేదు, కన్నంలోంచి లోపలికి జారిపోయింది. ఎనిమిది అంగుళాల స్పీకరు చట్రం ఈ అంచు నుంచి ఆ అంచుకి దాదాపు 21 సెంటీమీటర్లు ఉంటుంది. దానికి కోయవలసిన కన్నం మాత్రం పద్ధెనిమిదిన్నర సెంటీమీటర్ల దరిదాపుల్లోనే. మిగతా అంచు చెక్కమీద కూర్చోవాలి, మరమేకులు దిగేది అక్కడే. నేను ఆ కూర్చునే చోటునే కోసేశాను.

మా వీధి చివర ఒక ఆచారిగారి కొట్టు ఉండేది. ద్వారబంధాలు, కిటికీలు, పందిరి మంచాలు చేసేవారు. స్పీకరు పెట్టె ఆయన జన్మలో చేసి ఎరగరు. పలక చంకన పెట్టుకుని వెళ్లి, "ఆచారిగారూ, ఇది పాడైపోయిందండీ, ఇంకో పలక కోసిపెడతారా?" అన్నాను. ఆయన పలకని వెలుతురుకి ఎత్తి చూశారు.

"కోసిన ముక్క ఏది బాబూ?"

"ఇంట్లో ఉందండీ."

"ముందది పట్టుకురా. పని పూర్తయ్యేదాకా ముక్క పారెయ్యకూడదు."

పరిగెత్తుకెళ్లి తెచ్చాను. ముక్కని కన్నంలో పెట్టి తిప్పి చూసి, ఇంకో ప్రశ్న అడిగారు: "ఇంతకీ ఇది చూసుకోడానికా, వినడానికా?"

వినడానికే అన్నాను. "మరి వినడానికి ఇందులో ఏం చెడింది?" అన్నారాయన. నా దగ్గర సమాధానం లేదు. ఇన్నేళ్లుగా చెక్క పాడైనప్పుడల్లా నాకు నేను మొదట వేసుకునేది ఆ ప్రశ్నే. కంటికి తప్పుగా కనిపించేది వేరు, చెవికి తప్పుగా వినిపించేది వేరు. స్పీకరు పెట్టెలో ఈ రెండూ చాలాసార్లు ఒకటి కావు. కంటికి పెద్దదిగా ఉన్న తప్పు చెవికి అసలు తెలియకపోవచ్చు. కంటికి ఆనని వెంట్రుకవాసి సందు పాటనంతా పాడుచేయవచ్చు.

ఆ రోజు ఆయన చెప్పిన వైద్యం ఇది. పెద్ద కన్నాన్ని పూడ్చాల్సిన పనే లేదు. ముందు పలక కొలతకే ఇంకో పలక కోసి, దాంట్లో సరైన కన్నం పెట్టి, పాతదాని మీద అతికించమన్నారు. కొట్టులోనే మిగిలిన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క ఇచ్చారు. ఈసారి గీత ఆయన దగ్గరుండి గీయించారు. మధ్యలో సన్న మేకు, మేకుకి ఒక చెక్క బద్ద, బద్దకి తొమ్మిదీ పావు సెంటీమీటర్ల దూరంలో పెన్సిలు దూరేంత బెజ్జం. బద్ద తిప్పితే గీత ఎక్కడ మొదలైందో అక్కడే వచ్చి కలిసింది. కోసేటప్పుడు రంపాన్ని గీతకి లోపలివైపే నడిపించి, మిగిలిన మిల్లీమీటరునీ ఆకురాయితో అరగదీశాం. కన్నం చిన్నదైతే అది తప్పు కిందికే రాదు, ఆకురాయి ఉంది. పెద్దదైతేనే ఇంత కథ. అందుకే ఇప్పటికీ గీతకి లోపలే కోస్తాను.

అతికించేటప్పుడు ఒక చిన్న మెలకువ చూపించారు. రెండు పలకల మధ్య ఫెవికాల్ పరిచి నొక్కితే, తడి జిగురు మీద పై పలక సబ్బులా జారుతుంది. బిగించేసరికి కన్నాలు రెండూ తలోవైపు పోతాయి. అది జరక్కుండా ముందే, పొడిగా ఉన్నప్పుడే, రెండు కన్నాలూ ఒకే కేంద్రానికి వచ్చేలా సరిచూసి, ఎదురెదురు మూలల్లో రెండు సన్న మేకులు సగం దాకా దిగ్గొట్టారు. తరవాత పై పలకను మేకులతో సహా పైకి లేపి, పాత పోస్టుకార్డు ముక్కతో జిగురు పలచగా, ఎక్కడా వదలకుండా పూసి, మేకుల్ని అవే బెజ్జాల్లోకి దింపారు. ఇంచి కూడా జరగలేదు. మా దగ్గర క్లాంపులు లేవు. పలకని నేలమీద చదునుగా పెట్టి, పైన పీట వేసి, పీటమీద బియ్యం బస్తా ఎత్తాం. తెల్లారి తీస్తే రెండు పలకలూ ఒకే దిమ్మలా ఉన్నాయి.

ఇక్కడ నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ముందు పలక మందం 18 నుంచి 30 మిల్లీమీటర్లయింది. స్పీకరు బరువు మోసేదీ, దాని అదురుకి ఎదురు నిలిచేదీ ముందు పలకే కాబట్టి దిట్టంగా ఉంటే మంచిది. తెలిసి చేసేవాళ్లు కావాలనే అక్కడ రెండు పలకలు వేస్తారు. అంత మందం పలకలో సరైన కొలత కన్నం ఒక్కటే నిటారుగా కోస్తే స్పీకరు వెనక అది గొట్టంలా తయారవుతుంది, కాగితం వెనక గాలి ఇరుకున పడుతుంది. అందుకని లోపలివైపు అంచుని ఏటవాలుగా చెక్కాలి. నా పలకలో ఆ పని ముందే అయిపోయింది. తప్పు కోసిన పెద్ద కన్నం లోపలివైపు ఉంది, సరైన కన్నం బయటివైపు ఉంది. వెనక గాలికి కావలసినంత చోటు దొరికింది. కొత్త పలక బయట అతికించాం కాబట్టి పెట్టె లోపలి చోటు కూడా ఏమీ తగ్గలేదు.

లోపలి చోటు గురించి కొంచెం చెప్పాలి. చాలామంది భయపడేది దాని గురించే. కొలతలు మిల్లీమీటరు దాకా కుదరకపోతే శబ్దం చెడిపోతుందనుకుంటారు. ఒక చిన్న లెక్క చూద్దాం. లోపలి వెడల్పు 25, ఎత్తు 40, లోతు 30 సెంటీమీటర్లున్న పెట్టె. గుణిస్తే 30 లీటర్లు. మీ రంపం తప్పి లోతు అర సెంటీమీటరు తగ్గిపోయిందనుకుందాం. ఇప్పుడు పెట్టె ఇరవై తొమ్మిదిన్నర లీటర్లు. మూసిన పెట్టెలో మామూలు ఎనిమిది అంగుళాల స్పీకరు 60 హెర్ట్జుల దగ్గర పలుకుతుంటే, ఈ తేడాకి అది అర హెర్ట్జు కూడా జరగదు. ఏ చెవీ దాన్ని పట్టుకోలేదు. పైగా లోపల దిండ్లకి వాడే పాలిస్టర్ దూది వదులుగా నింపితే, స్పీకరుకి పెట్టె ఉన్నదానికన్నా కొంచెం పెద్దదిగానే అనిపిస్తుంది. కాబట్టి పలక అయిదు మిల్లీమీటర్లు పొట్టిగా వచ్చిందని కొత్త షీటు కొనడానికి బయల్దేరకండి.

అయితే పొట్టి పలకకి ఎదుటి పలక కూడా అంతే పొట్టిగా ఉండాలి. పెట్టెకి కావలసింది జతలు సమానంగా ఉండటం. ఎడమ పలక, కుడి పలక ఒకటే కొలత. పై పలక, అడుగు పలక ఒకటే కొలత. కాగితం మీద రాసుకున్న అంకెకి రెండూ మూడు మిల్లీమీటర్లు తక్కువైనా పెట్టె నిక్కచ్చిగా నిలుస్తుంది. ఒకటి సరిగ్గా ఉండి ఇంకోటి తగ్గితేనే మూల తప్పుతుంది, సందు నోరు తెరుస్తుంది. అందుకే ఒకటి పొట్టిదైతే, దాని జత పలకని పక్కన నిలబెట్టి రెండింటినీ కలిపి బిగించి, పొడుగుదాన్ని పొట్టిదాని దాకా చిత్రిక పట్టండి. పెట్టె బిగించాక మూల నుంచి మూలకి టేపు పట్టి రెండుసార్లు కొలవండి. రెండు కొలతలూ ఒకటైతే మూలమట్టం కుదిరినట్టే.

పలకలు ఎందుకు పొట్టివవుతాయో కూడా చెబుతాను. రంపం గీత మీద నడిచేటప్పుడు కొంత చెక్కను పొట్టు చేసేస్తుంది. చేతిలో పట్టే గుండ్రటి కరెంటు రంపమైతే రెండు మూడు మిల్లీమీటర్లు తినేస్తుంది. షీటు మీద నాలుగు పలకల గీతలూ ఒకేసారి, ఒకదాన్నానుకుని ఒకటి గీసి పెట్టుకుంటే, మూడు కోతలకి తొమ్మిది మిల్లీమీటర్ల దాకా పొట్టులోకి పోతుంది. ఆ నష్టం ఏదో ఒక పలక మీద పడుతుంది. ఒక పలక కోసి, దాన్ని పక్కన పెట్టి, అప్పుడు రెండో పలకకి గీత గీస్తే ఈ చిక్కు రాదు.

ఇక సందుల సంగతి. అసలు పని ఇక్కడే ఉంది, ఓపిక ఇక్కడే పెట్టాలి.

రెండు పలకలు కలిసేచోట కాగితం దూరేంత సందు ఉంటే ఫెవికాల్ చాలు. అంతకన్నా ఎక్కువుంటే ఫెవికాల్ పనికిరాదు. ఆ తెల్ల జిగురు చెక్కని చెక్కకి నొక్కి పట్టినప్పుడే బలంగా అంటుకుంటుంది. ఖాళీలో పోస్తే ఆరేకొద్దీ కుంచించుకుని బీటలిస్తుంది. ఒక మిల్లీమీటరు సందుకి పొట్టు ముద్ద వాడాలి. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ల దగ్గర ఈ విద్య తరతరాలుగా ఉంది. తెల్లపొణికి కర్రతో వేరువేరుగా చెక్కిన కాళ్లనీ చేతుల్నీ ఒంటికి అతికేటప్పుడు, వంపులు తీర్చేటప్పుడు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. దాన్ని మక్కు అంటారు. మన పెట్టెకి చింతగింజల జిగురు బదులు అరల్డైట్ లాంటి రెండు గొట్టాల జిగురు తీసుకుంటాం, అంతే తేడా. పొట్టు మాత్రం రంపం కింద పడిన ముతకది వద్దు. ఉప్పుకాగితం రుద్దినప్పుడు రాలిన మెత్తటి పిండి కావాలి. అదీ మీరు వాడిన చెక్కదే అయితే రంగు దగ్గరగా వస్తుంది. గోరింటాకు ముద్దంత గట్టిగా కలుపుకుని, పలచటి రేకు ముక్కతో సందులోకి లోపలిదాకా నొక్కి, పైన కొంచెం ఉబ్బెత్తుగానే వదిలెయ్యండి. మర్నాడు ఉప్పుకాగితంతో చదును చేయండి. నీళ్ల రంగు, వార్నిష్ వేసేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. జిగురున్న చోట చెక్క రంగుని పీల్చుకోదు, మచ్చలా మిగిలిపోతుంది. అక్కడ చిక్కటి పెయింటు గాని సన్మైకా గాని వేసుకోవడమే మంచిది.

సందు మూడు నాలుగు మిల్లీమీటర్లుంటే ముద్దతో కూడా పని కాదు. చెక్కని చెక్కతోనే నింపాలి. అదే ప్లైవుడ్‌లోంచి ఆ సందుకన్నా వెంట్రుకవాసి మందంగా సన్నటి పీలిక కోసి, దానికి రెండు వైపులా జిగురు పూసి, బిగువుగా దిగేలా మెల్లగా కొట్టండి. బయటికి పొడుచుకొచ్చిన భాగాన్ని ఆరాక చిత్రిక పడితే సరిపోతుంది. ఇలాంటి చోట లప్పం పెట్టి రంగేసే వాళ్లని చూశాను. నాకది బొత్తిగా నచ్చదు. గోడకి లప్పం ఎన్నేళ్లయినా నిలుస్తుంది, గోడ కదలదు. స్పీకరు పెట్టె మోగినంతసేపూ అదురుతూ ఉంటుంది. ఆరునెలలు తిరక్కుండా లప్పం మీద వెంట్రుక లాంటి చీలిక వస్తుంది, గాలి అందులోంచే పోతుంది.

సందు చిన్నదే కదా, గాలి కాస్త పోతే ఏమైందని అడగొచ్చు. మూసిన పెట్టెలో పనంతా ఆ గాలిదే. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన ఈ సంగతినే ఆధారం చేసుకుని కొత్తరకం స్పీకరు తెచ్చారు. అంతకుముందు బరువైన స్వరాలు కావాలంటే బీరువాలంత పెట్టెలు ఉండేవి. ఆయన చిన్న పెట్టెను గాలి పోకుండా మూసి, లోపల బందీగా ఉన్న గాలినే స్పీకరు కాగితానికి స్ప్రింగులా వాడుకున్నారు. కాగితం లోపలికి వస్తే గాలి దాన్ని బయటికి తోస్తుంది, బయటికి పోతే లోపలికి లాగుతుంది. అలాంటి పెట్టెకి సందు ఉంటే స్ప్రింగు బిగువు సడలిపోయినట్టే. బరువైన స్వరం వచ్చినప్పుడల్లా ఆ సందులోంచి ఉస్సుమని గాలి చప్పుడు కూడా వస్తుంది. అందుకే అర సెంటీమీటరు పొట్టి పలకని క్షమించే చెవి, అర మిల్లీమీటరు సందుని క్షమించదు.

సందు ఎక్కడుందో పట్టుకోవడానికి నాకు తెలిసిన మంచి ఉపాయాలు రెండు. స్పీకరు బిగించకముందే, రాత్రి పూట గదిలో దీపాలార్పి, పెట్టె లోపల సెల్‌ఫోన్ టార్చి వెలిగించి పెట్టి, కన్నాన్ని మందపాటి అట్టతో మూసేయండి. చెక్క అతుకుల్లో ఎక్కడ వెలుగు గీత కనిపిస్తే అక్కడ పని మిగిలి ఉన్నట్టు. రెండోది స్పీకరు బిగించాక. సెల్‌ఫోన్ నుంచి 40 హెర్ట్జుల స్వరం ఒకటే పాటుగా, మరీ గట్టిగా కాకుండా మోగించండి. ఒక అగరుబత్తి వెలిగించి అతుకుల వెంబడి, మరమేకుల వెంబడి, వైర్లు తగిలించే డబ్బీ చుట్టూ నెమ్మదిగా నడపండి. నిప్పు స్పీకరు కాగితం దగ్గరికి మాత్రం రానివ్వకండి. పొగ తిన్నగా పైకి పోతుంటే అక్కడ సందు లేదు. ఎక్కడ పొగ చెదిరి వణుకుతుందో అక్కడ పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకోండి. నా రెండో పెట్టెలో చెక్క అతుకులన్నీ బాగానే ఉన్నాయి, పొగ చెదిరింది వైరు డబ్బీ మూలన. జిగ్‌సాతో చతురస్రం కోసినప్పుడు మూల దగ్గర బ్లేడు ఒక సెంటీమీటరు ముందుకి పోయింది. డబ్బీ అంచు ఆ చీలికని కంటికి కప్పేసింది గాని గాలికి కప్పలేదు.

స్పీకరు చట్రం కింద సందుకి పాత సైకిలు ట్యూబు కన్నా మంచి మందు నాకు తెలియదు. ట్యూబుని నిలువునా చీల్చి, చదును చేసి, చట్రం కొలతకి ఉంగరంలా కత్తిరించి కింద వేస్తే చాలు. లోపలి మూలల్లో సిలికాన్ పూసేవాళ్లకి ఒక హెచ్చరిక. పుల్లటి వెనిగర్ వాసన వేసే సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం ఆవిరి వదులుతుంది. అది లోహానికి మంచిది కాదు. పూసిన వెంటనే స్పీకరు బిగించి మూసేయకుండా, వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం ఒక రోజన్నా పెట్టెని తెరిచి ఉంచండి.

కన్నం కొలత సరిగ్గానే ఉండి, చోటు తప్పిందనుకోండి. సెంటీమీటరో రెండు సెంటీమీటర్లో పక్కకి జరిగితే అసలు ముట్టుకోవద్దంటాను. స్పీకరు అన్ని అంచులకీ సమాన దూరంలో ఉండటం కన్నా కొంచెం పక్కకి ఉండటమే శబ్దానికి మేలు. అంచుల దగ్గర శబ్దం చెదిరి కలగజేసే హెచ్చుతగ్గులు అన్నీ ఒకే స్వరం మీద పడకుండా ఉంటాయి. రెండో పెట్టెలో కూడా అంతే దూరం, ఎదుటివైపుకి జరిపి కోసుకుంటే రెండూ అద్దంలో బొమ్మల్లా జతగా ఉంటాయి. చూసినవాళ్లు కావాలనే అలా చేశారనుకుంటారు.

ఊరికే జరగడం కాకుండా, పూర్తిగా తప్పుడు చోట కోసేస్తే అప్పుడు ఆచారిగారు అడిగిన ఆ గుండ్రటి ముక్క కావాలి. ముక్కని తిరిగి కన్నంలో పెడితే చుట్టూ బ్లేడు తిన్నంత మేర ఖాళీ ఉంటుంది. నాలుగు దిక్కులా నాలుగు అగ్గిపుల్లల చీలికలు దూర్చి ముక్కని సరిగ్గా మధ్యకి తెచ్చుకోండి. ప్లైవుడ్ అయితే పైపొర నారలు పలక నారలతో ఒకే దారిలో ఉండేలా తిప్పండి. లోపలివైపు నుంచి కన్నం కన్నా చుట్టూ మూడేసి సెంటీమీటర్లు పెద్దదైన ప్లైవుడ్ బిళ్ల జిగురుతో, మరమేకులతో బిగించండి. ముక్కకి ఆసరా అదే, గాలికి అడ్డూ అదే. ఆ తరవాత ముందువైపు ఖాళీని పొట్టు ముద్దతో నింపండి. ముక్క పోగొట్టుకున్నవాళ్లకి ఇదే పని మూడింతలవుతుంది. కొత్త బిళ్లను ఆ కన్నానికి సరిగ్గా సరిపోయేలా గుండ్రంగా కోయడం అంత తేలిక కాదు.

ఇంతవరకు చెప్పింది మూసిన పెట్టెల సంగతి. గాలి గొట్టం ఉన్న పెట్టెల గురించి కూడా క్లుప్తంగా చెబుతాను. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ రాసిన పరిశోధన వ్యాసంతో, తరవాత రిచర్డ్ స్మాల్ చేసిన పనితో వీటి లెక్కలు ఒక దారిన పడ్డాయి. ఈ పెట్టెల్లో గొట్టం పొడవు ముఖ్యం. పొడవైతే పలికే స్వరం కిందికి దిగుతుంది, పొట్టిదైతే పైకి పోతుంది. కాబట్టి పీవీసీ గొట్టాన్ని లెక్కకన్నా రెండు మూడు సెంటీమీటర్లు పొడుగ్గా కోసి, విన్నాకే తగ్గించుకుంటూ రండి. పొట్టిగా కోసేస్తే కప్లర్ తొడిగి ఇంకో ముక్క కలపొచ్చు. గొట్టానికి కోసిన కన్నం వదులైతే చుట్టూ ఎంసీల్ పెట్టండి.

మరమేకు బెజ్జాలు అరిగిపోవడం అందరికీ జరిగేదే. స్పీకరుని నాలుగుసార్లు విప్పి బిగిస్తే, నోవాపాన్ అని మనం పిలిచే పొట్టు చెక్కలో గాని ఎండీఎఫ్‌లో గాని మరమేకు తిరుగుతూనే ఉంటుంది, పట్టదు. మందు తీసేసిన అగ్గిపుల్లలు రెండు మూడు ఫెవికాల్‌లో ముంచి బెజ్జంలో కూరి, ఆరాక అంచుకి సమంగా కోసేసి, సన్న బెజ్జం పెట్టి మరమేకు దింపండి. ఇంకా తేలిక దారి ఉంది. స్పీకరుని చట్రం బెజ్జాల మధ్య దూరంలో సగం తిప్పి బిగిస్తే మరమేకులన్నీ కొత్త చెక్కలోకి దిగుతాయి.

బాగుచేసిన పెట్టెని చివరగా వేలి కణుపుతో తట్టి వినాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి ఏకాండి వీణలు చేస్తారు. వీణ కుండ గోడలు పలచబడేదాకా తొలుస్తారు, ఆ చెక్క తీగెతో కలిసి పాడాలి కాబట్టి. మన పెట్టెది దానికి పూర్తిగా ఎదురు ధర్మం. చెక్క పాడకూడదు. పాట స్పీకరుది, చెక్క నోరు మూసుకుని ఉండాలి. తట్టినప్పుడు టక్కుమంటే మంచిది. డబ్బుమని మోగితే ఆ పలక వెనక ఒక అడ్డ బద్ద అతికించండి. సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకి అతికిస్తే మేలు. అతికిన పీలికల దగ్గర చిర్రుమని సన్నటి మోత వస్తే జిగురు ఎక్కడో పట్టలేదన్నమాట. దాన్ని విప్పి మళ్లీ చేయడమే, వేరే మార్గం లేదు.

బాగుచేయలేనివీ ఉన్నాయి. నీళ్లు తాగి ఉబ్బిన ఎండీఎఫ్, పొరలు విడిపోయిన ప్లైవుడ్ చేతికి వస్తే వాటిమీద శ్రమ పెట్టకండి. ఎండీఎఫ్ కోసేటప్పుడు, రుద్దేటప్పుడు ముక్కుకి మంచి మాస్కు తప్పనిసరి. ఆ పిండి చాలా మెత్తన, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందులో రసాయన జిగురు కూడా ఉంటుంది. గదిలో కాకుండా వాకిట్లో చేసుకోండి.

నా ఆ మొదటి జత ఇప్పటికీ మా ముందుగదిలోనే ఉంది. స్పీకర్లు రెండుసార్లు మార్చాను, పెట్టెలు మార్చలేదు. సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడినప్పుడు ముందు పలక పక్క అంచున 18, 12 మిల్లీమీటర్ల రెండు చెక్కలు కలిసిన గీత కనిపిస్తుంది. ఆచారిగారు ఇప్పుడు లేరు. ఆ పెట్టెలు పూర్తయ్యాక ఆయన మా ఇంటికి వచ్చి, కుర్చీ వద్దని నేలమీదే కూర్చుని, ఒక నాదస్వరం క్యాసెట్టు మొత్తం విన్నారు. లేచి వెళ్తూ పెట్టె పక్క పలకని ఒకసారి వేలితో తట్టి, తలూపారు.

మీ అటకమీద కోత తప్పిన పలకలుంటే ఈ ఆదివారం కిందికి దింపండి. గుండ్రటి ముక్క కూడా అక్కడే ఎక్కడో ఉంటుంది, వెతకండి. పొయ్యిలో మాత్రం పెట్టకండి, ప్లైవుడ్ జిగురు పొగ ఒంటికి మంచిది కాదు. ఒక అగరుబత్తి, కాస్త ఫెవికాల్, రెండు గొట్టాల అరల్డైట్, ఒక పాత సైకిలు ట్యూబు దగ్గర పెట్టుకుంటే పని మొదలుపెట్టొచ్చు.